ఫైండర్‌లో క్లియర్.. ఫొటోలో మసక! తేడా ఎక్కడొస్తోంది?

విజయవాడ: ఆటోనగర్‌లో బాడీ కట్టించిన కొత్త లారీ షెడ్డులోంచి కదిలే ముందు దాని పక్కన నిలబడి ఒక ఫొటో దిగాలని ఏ ఓనరుకు ఉండదు? రేకుల షెడ్డులో చీకటి, గేటు బయట ఎండ. ఫొటోగ్రాఫర్ వ్యూఫైండర్‌లో చూస్తూ లెన్సు రింగు తిప్పుతాడు. అంతా బాగానే కనిపిస్తుంది. తీరా కంప్యూటర్‌లో చూస్తే లారీ మీద పెయింటర్ రాసిన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, ఓనరు మొహం మాత్రం మసక.

లారీ ఫొటో అయితే మళ్లీ తీసుకోవచ్చు. నికాహ్‌లో ‘ఖుబూల్ హై’ అన్న క్షణం మళ్లీ రాదు. అడ్వాన్సు తీసుకున్న కుర్రాడికి మాట పడుతుంది, మిగతా డబ్బులూ ఆగిపోతాయి. అయితే చాలాసార్లు తప్పు అతని కంటిది కాదు.

ఈ తిప్పలు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ సామానుతో మొదలవుతాయి. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా దొరికే పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్సు వాటికి తగిలిస్తే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. (లెన్సు మీది అపెర్చర్ రింగును 22 దగ్గర లాక్ చేయకపోతే కెమెరా ఎర్రర్ చూపించి అసలు క్లిక్కే అవ్వదు.) వాడిన లెన్సు రింగులో మెకానిక్‌లు చెప్పే ‘ప్లే’ కూడా ఉండొచ్చు.

అసలు చిక్కు ఫైండర్‌లోని స్క్రీన్‌తో. ఫిల్ము రోజుల నికాన్ ఎఫ్‌ఎం2లో మధ్యన ఒక చిన్న గుండ్రటి భాగం ఉండేది. ఫోకస్ తప్పితే అందులో బొమ్మ రెండు ముక్కలుగా జరిగి కనిపించేది, కుదిరితే కలిసిపోయేది. 1985లో మినోల్టా 7000 వచ్చాక ఆటోఫోకస్ మామూలైంది, ఆ ఏర్పాటు పోయింది. కిట్ లెన్సులు వెలుతురు తక్కువ పంపుతాయి కాబట్టి, ఫైండర్ చీకటిగా ఉండకుండా కంపెనీలు స్క్రీన్‌ను నునుపు చేశాయి. వెలుతురు పెరిగింది కానీ ఫోకస్ తేడా పట్టుకోవడం కష్టమైంది. లెన్సు ఎఫ్/1.8లో ఉన్నా కంటికి దాదాపు ఎఫ్/2.8లో ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా ఎఫ్‌ఎం2తో పోలిస్తే డీ3500 ఫైండర్‌లో బొమ్మ మూడింట రెండు వంతుల సైజే.

దీని నష్టం ఎంత? రెండు మీటర్ల దూరంలో ఆ లెన్సును ఎఫ్/1.8లో వాడితే షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. పెళ్లికొడుకు సంతకం పెట్టడానికి కాస్త వంగితే చాలు, ఫోకస్ పోయినట్టే. ఎఫ్/4 పెడితే 25 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వెలుతురు ఉన్నచోట 1.8 మోజు మానుకోవడమే మంచిది.

ముందుగా ఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రం చూసుకోవాలి. దాన్ని ఎదురుగా ఉన్న సీన్ చూసి కాదు, ఫైండర్‌లోని అంకెలు స్పష్టంగా కనిపించే వరకు తిప్పాలి. నలభై దాటినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తర్వాత ఫైండర్‌లో వెలిగే పచ్చ చుక్క. ఎంచుకున్న పాయింటు దగ్గర ఫోకస్ కుదిరితే వెలుగుతుంది. కానీ రింగు కొంచెం అటూ ఇటూ జరిగినా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, రెండు వైపుల నుంచీ తిప్పి మధ్యలో ఆపాలి. మనిషి కదలకుండా కూర్చుంటే లైవ్ వ్యూలో పెద్దది చేసి చూడటమే నమ్మకం, కాకపోతే బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

ఇవన్నీ చేసినా ప్రతి ఫొటో ఒకే వైపు తప్పుతోందా? అప్పుడు లోపల అద్దమో స్క్రీనో కదిలి ఉండొచ్చు. ఫైండర్‌లో కనిపించేది అద్దం మీదుగా స్క్రీన్‌పై పడే బొమ్మ, ఫొటో పడేది సెన్సార్ మీద. ఈ రెండు దూరాలూ సమానంగా లేకపోతే ఎంత జాగ్రత్తగా తిప్పినా లాభం లేదు. కెమెరాను స్టాండు మీద పెట్టి, ఏటవాలుగా ఉంచిన న్యూస్‌పేపర్‌లో ఒక లైను మీద ఫైండర్‌తో ఫోకస్ చేసి, లైవ్ వ్యూలో అదే లైను షార్ప్‌గా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. పాత బాడీ కొనేటప్పుడు షాపులోనే ఈ పరీక్ష చేయాలి. అమ్మేవాడు ఐదు నిమిషాలు ఆగనంటే ఆ బేరం వదిలేయొచ్చు.