పటం మీద బంజరు, నేల మీద చెరువు

"ఛందస్సు చెప్పుకునే మీకు ఉపగ్రహాలతో పనేమిటండీ?" అంది మా ఆవిడ, నా పెట్టె సర్దుతూ.

న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ కాలేజీలో పర్యావరణ పాఠం ఎవరి మెడకైనా చుట్టుకోవచ్చు. మా కాలేజీలో అది తెలుగు పంతుల్ని వెతుక్కుంటూ వచ్చింది. నేల, నీరు, అడవి గురించి పాఠాలు చెప్పేవాళ్ళకు కంప్యూటరు మీద పటాలు గీయడం నేర్పుతారంటే, అయిదు రోజుల శిక్షణకు హైదరాబాదు బయలుదేరాను.

అక్కడ నాబోటి అధ్యాపకులతోపాటు వ్యవసాయ విస్తరణాధికారులూ, అటవీ శాఖవారూ ఉన్నారు. తలా ఒక కంప్యూటరు, అందులో క్యూజిఐఎస్ అనే ఉచిత సాఫ్టువేరు. "భౌగోళిక సమాచార వ్యవస్థ" అని శిక్షకుడు ఆరంభించగానే బెదిరిపోయాను గాని, సంగతి తెలిశాక మన బందరు కలంకారీ జ్ఞాపకం వచ్చింది. అద్దకంలో రంగుకొక అచ్చు. అన్నీ సరిగ్గా ఒకేచోట పడితేనే పువ్వు పువ్వులా ఉంటుంది. వెంట్రుకవాసి జరిగితే రేకు ఒకచోట, గీత ఒకచోట! ఇదీ అంతే. వాగులకొక పొర, రోడ్లకొక పొర, పొలాలకొక పొర. అక్షాంశ రేఖాంశాల ప్రకారం అన్నీ ఒకదానిమీద ఒకటి కుదరాలి.

రెండో రోజు ఉపగ్రహ చిత్రాలు తెరిచాము. పచ్చని పైరు ఎర్రగా కనబడేసరికి యంత్రం చెడిందనుకున్నాను. చెడలేదు. ఆరోగ్యమైన ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఆ కాంతికి తెరమీద ఎరుపు కేటాయిస్తారు. నీరు దాన్ని మింగేస్తుంది గనుక నల్లగా ఉంటుంది. మేము చూసినవి 2015లో మొదలైన యూరపువారి సెంటినెల్-2 చిత్రాలు, ఎవరికైనా ఉచితమే. వాటిలో సూక్ష్మమైన చుక్క నేలమీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 120 గజాలు, ఒక చిన్న ఇంటి స్థలం!

"ఎవరి ఊరు వారు గీయండి" అన్నాడు శిక్షకుడు. మే నెల చిత్రం తీశాను. మా ఊరి పక్కన ఎరుపూ నలుపూ కాని బూడిదరంగు జాగా ఒకటి పెద్దది కనబడింది. దాని చుట్టూ నున్నగా గీత గీసి "బంజరు" అని పేరు పెట్టాను. "భేష్!" అన్నాడాయన.

ఆ రాత్రి గొప్పగా అమ్మకు ఫోను చేసి చెప్పాను. ఏ పక్కన, ఎంత మేర అని అడిగి, ఆవిడ మండిపడింది.

"బంజరేంది కొడుకా! అది చెరువు శిఖం గాదా? ఎండకాలం నీళ్ళు దిగితే గొడ్లు మేస్తయి, దోసకాయ పెట్టుకుంటరు. వాన పడితే మల్ల నీళ్ళే. నువ్వు చదువుకున్నోనివి బంజరని రాస్తే, రేపొకడొచ్చి గోడ కడ్తడు!"

నాకు నిద్ర పట్టలేదు. నేను ఈత నేర్చుకున్న చెరువది. ఎన్నేళ్ళుగా వేసవిలో ఊరి ముఖం చూడలేదో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను.

తెల్లవారి శిక్షకుడికి చెప్పాను. ఆయన నవ్వలేదు. మే చిత్రం మీద అక్టోబరు చిత్రం పరిపించాడు. నా "బంజరు" నిండా నలుపు! వేరువేరు సంవత్సరాల చిత్రాలు కూడా పక్కపక్కన పెట్టి, నీరు ఎంతవరకు సాగిందో చూడమన్నాడు. నిండిన ఏడు ఒకమేర, ఎండిన ఏడు ఒకమేర. చెరువుకు గట్టు ఒకవైపే. తక్కిన వైపులా హద్దు వానలతోపాటు నడుస్తుంది. అలాంటిచోట గీత ఒక్క చుక్క లోపలికి జరిగితే, ఒడ్డు పొడుగునా చుక్కకొక ఇంటి స్థలం చొప్పున చెరువు తరిగిపోదూ?

నాలుగో రోజు ఫోనులు పట్టుకుని ఒక చెరువు గట్టుమీద తిరిగాము. మనమున్న చోటు తెలియాలంటే కనీసం 4 ఉపగ్రహాల సంకేతం అందాలట. దట్టమైన చెట్టుకింద నిలబడితే నా గుర్తు నీళ్ళలోకి వెళ్ళి కూర్చుంది! అందుకే తెరమీద చూసినదాన్ని కాళ్ళతో నడిచి, అక్కడివాళ్ళను అడిగి సరిచూసుకోవాలన్నారు. మొదటి రోజే ఆ మాట చెప్పి ఉంటే విని ఊరుకునేవాణ్ణి; అమ్మ చేత చివాట్లు తిన్నాక తలకెక్కింది.

తిరిగి వచ్చాక ఆదివారాలు మా పిల్లల్ని మా ఊరికి తీసుకువెడుతున్నాను. తూము, అలుగు, వాగు, శిఖం అని ఒక్కొక్క పేరూ ఊరి పెద్దల నోట విని రాసుకున్నాకే పటంలో ఎక్కిస్తారు. మా పటం చట్టం ముందు చెల్లదు; హద్దులు తేల్చవలసింది సర్కారు సర్వేవారే. అయినా తమ చెరువు ఎక్కడిదాకా ఉందో తెలిసిన పాతికమంది ఆ ఊళ్ళో తిరుగుతూంటే, గోడ కట్టేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోడూ?

మా ఆవిడ ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరికింది. ఉపగ్రహానికి రంగు తెలుసు, కొలత తెలుసు. పేరు తెలియదు. పేరు తెలుసుకుని పెట్టడం తెలుగు పంతులు చేయదగ్గ పనే.