పట్టు: ఒక మాట, అనేక అర్థాలు

‘పట్టు’ అంటే చేతితో అందుకుని వదలకపోవడం. వనపర్తి జిల్లా ఆత్మకూరు వైపు, జూరాల జలాశయంలో జాలరులు వల వేసి చేపలు పడతారు. కుస్తీలో మల్లుడు ప్రత్యర్థిని పట్టుతో కదలనివ్వడు. తెలిసిన విద్య మీద ‘పట్టు ఉంది’ అన్నా, అనుకున్నది వదలని గుణాన్ని ‘పట్టుదల’ అన్నా మూలార్థం ఇదే.

క్రియగా దీని పరిధి ఇంకా పెద్దది. తల్లి బిడ్డకు పాలు పడుతుంది. ఇల్లాలు ఆవకాయ పడుతుంది. గిర్నీలో పిండి పట్టిస్తారు. ఈ వాక్యాలన్నిటిలో పట్టేది మనిషే. ‘నాకు నిద్ర పట్టింది’, ‘అతనికి చెమట పట్టింది’, ‘ఇనుముకు తుప్పు పట్టింది’ అన్నప్పుడు వరస తిరగబడుతుంది. పట్టేది నిద్ర, చెమట, తుప్పు. వాటికి చిక్కిన మనిషైనా వస్తువైనా ‘కు’ లేదా ‘కి’ విభక్తితో నిలుస్తుంది. ‘గంట పట్టింది’ అంటే అంత సమయం కావలసి వచ్చిందని అర్థం.

నామవాచకంగా ‘తేనెపట్టు’ తేనెటీగల గూడు, ‘ఆయువుపట్టు’ ప్రాణస్థానం. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ ‘పట్టు’ వేరే మాట. సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చిందంటారు.

ఇన్ని అర్థాలున్నా తెలుగువారు తడబడరు. పక్కన ఏ మాట చేరింది, ఏ విభక్తి వచ్చింది అన్నదే అర్థాన్ని తేలుస్తుంది. పిల్లలకు ఈ మాటను విడిగా కాక, వాక్యాల్లోనే నేర్పాలి.