పింగాణి దారం – ఊపిరితిత్తులు

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే ఒక తల్లి ఈ మధ్య కామారెడ్డిలో నా దగ్గరకు కూతుర్ని తీసుకొచ్చింది. అమ్మాయి హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. మూడు వారాలుగా పొడి దగ్గు. “సారూ, మా బిడ్డ పింగాణితోని దారం తీస్తదట, దాన్ని పొయ్యిల కాలుస్తదట. ఆ దుమ్ము లోపలికి పోయిందంటరా?” అని అడిగింది. ముప్పయ్యేళ్లుగా పొగాకు దుమ్ము మధ్య కూర్చున్న మనిషి. ఆమె భయాన్ని కొట్టిపారేయలేం.

పింగాణితో దారమేమిటని మీకూ సందేహం రావచ్చు. జాతరలో పీచు మిఠాయి చూశారు కదా? అక్కడ గిర్రున తిరిగే గిన్నె చక్కెర పాకాన్ని పోగులుగా విసురుతుంది. ఇక్కడ ఆ పని విద్యుత్తు చేస్తుంది. టైటానియం వంటి లోహపు లవణాన్ని జిగురు ద్రావణంలో కలిపి సూదిగల సిరంజిలో పోస్తారు. ఆ జిగురు చాలాసార్లు పీవీపీ అనే పదార్థం. గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్‌లోని పోవిడోన్ ఇదే. సూదికి 10 వేల నుంచి 30 వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే, బొట్టు మొన తేలి, సన్నని ధారగా సాగి, దారిలోనే ఆరి, ఎదుటి రేకు మీద పోగుగా పడుతుంది. ఈ పద్ధతికి 1902లోనే అమెరికాలో పేటెంట్లు ఇచ్చారు.

తరువాత ఆ పోగును కొలిమిలో 500 డిగ్రీలకో, ఇంకా పైకో మెల్లగా వేడిచేస్తారు. జిగురు కాలిపోయి పింగాణి మిగులుతుంది. వేడి తొందరగా పెంచితే, పచ్చి కుండను ఒక్కసారిగా మంటలో పెట్టినట్లే, పోగు పగులుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. ఈ పోగు కొన్ని వందల నానోమీటర్లే!

ప్రమాదం ఎక్కడ?

కాల్చకముందు పోగు మెత్తగా ఉంటుంది. అప్పుడు జాగ్రత్త పడవలసింది కరెంటుతో, ద్రావకపు ఆవిరితో. కాల్చాక అది పెళుసుబారుతుంది, గీకితే పొడిగా గాలిలోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చెత్త ఎత్తే కణాలున్నాయి. అవి పొట్టి ముక్కలను మింగేయగలవు. పొడవుగా, సన్నగా, కరగకుండా ఉండే పోగును మాత్రం మింగలేవు. ఆస్‌బెస్టాస్ నేర్పిన గుణపాఠం ఇదే. ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. కొలిముల లోపల పరిచే పింగాణి పీచును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ “కలిగించే అవకాశం ఉన్నది”గా లెక్కించింది. పైగా ఆ పీచు వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో చాలాకాలం ఉంటే అందులో స్ఫటిక సిలికా పుడుతుంది. అది సిలికోసిస్‌కు దారితీయగలదు. గల్ఫ్‌లో బాయిలర్లు, కొలిముల దగ్గర పనిచేసే మన జిల్లా తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మీరు చేయవలసినది

పాత పీచును తడిపి తీయండి. పొడి చీపురుతో ఊడ్చవద్దు. ముఖానికి చేతిరుమాలు చాలదు. కనీసం ఎన్-95 మాస్కు బిగుతుగా పెట్టుకోండి. పనిబట్టలు ఇంట్లో దులపకండి, విడిగా ఉతకండి. బీడీ, సిగరెట్ మానండి. డాక్టరుకు మీ పని ఏమిటో తప్పక చెప్పండి.

అమ్మాయి ఎక్స్‌రే బాగానే ఉంది. కాలిన పోగులను మాస్కు లేకుండా గీకేదట. ఆ అలవాటు మానాక దగ్గు తగ్గింది.

ఆ రోజు మాట్లాడుతుండగా తల్లి కూడా నాలుగుసార్లు దగ్గింది. “నీకెన్నాళ్ల నుంచమ్మా?” అన్నాను. “గదేముంది సారూ, పొగాకు ఘాటు” అంది. కఫం పరీక్ష చేయిస్తే క్షయ బయటపడింది. ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. ఇప్పుడు క్రమం తప్పకుండా వాడుతోంది.

దుమ్ము పనిచేసేవారికి దగ్గు మామూలేనని సరిపెట్టుకోకండి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కఫం పరీక్ష చేయించుకోండి.