నొప్పి ఉండదని చెప్పకండి

ఆసుపత్రిలో రక్తపరీక్ష గది బయట ఒక తండ్రి తన ఐదేళ్ల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఉన్నాడనుకోండి. "ఏం లేదమ్మా, డాక్టరుగారు ఊరికే చూస్తారంతే. సూదీ లేదు, ఏమీ లేదు" అని బుజ్జగిస్తాడు. పాప నమ్ముతుంది. లోపలికి వెళ్లాక ఒకరు చేతులు పట్టుకుంటారు, మరొకరు కాళ్లు పట్టుకుంటారు. సూది దిగుతుంది. అప్పుడు పాప ఏడుస్తూ చూసేది సూది గుచ్చిన నర్సు వైపు కాదు, నాన్న వైపు.

మనలో ఈ తప్పు చేయని తల్లిదండ్రులు అరుదు. ప్రేమతోనే చేస్తాం. బిడ్డ ఆ కాసేపైనా భయపడకుండా ఉండాలని చేస్తాం. సూది నొప్పి కాసేపట్లో పోతుంది. కాని నాన్న మాట నమ్మకూడదని నేర్చుకున్న పాఠం అంత త్వరగా పోదు. తలసేమియా తీవ్రంగా ఉన్న బిడ్డ రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవాలి. పిల్లలకు వచ్చే ల్యుకేమియా అనే రక్త క్యాన్సరుకు వైద్యం తరచు రెండు మూడేళ్లు సాగుతుంది. అటువంటి బిడ్డ మొదటి రోజునే నమ్మకం పోగొట్టుకుంటే, మిగిలిన రోజులన్నీ ఎవరి చేయి పట్టుకొని ఆ గదిలోకి వెళ్తుంది?

బిడ్డకు నిజం చెప్పడం, చెప్పి ధైర్యమివ్వడం కూడా ఒక విద్యే. అమెరికా, కెనడా దేశాలలో ఈ విద్యకు డిగ్రీలు, పరీక్షలు, ఉద్యోగాలు ఉన్నాయి. దాన్ని నేర్చినవారిని "చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు" అంటారు. వారు ఏమి నేర్చుకుంటారో తెలుసుకుంటే, ఆ డిగ్రీ లేని మనకు కూడా చాలా మేలు కలుగుతుంది.

ఏడవని బిడ్డ

ఒకప్పుడు ఇంగ్లండులోను, అమెరికాలోను పిల్లలను ఆసుపత్రిలో చేర్చుకుంటే తల్లిదండ్రులను దగ్గర ఉండనిచ్చేవారు కాదు. వారానికి కొద్ది గంటలు మాత్రమే చూడనిచ్చిన ఆసుపత్రులు కూడా ఉండేవి. "అమ్మ వస్తే ఏడుస్తారు, వెళ్తే ఇంకా ఏడుస్తారు, రాకపోతే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటారు" అన్నది ఆనాటి వాదన.

జేమ్స్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండు దేశస్థుడు, జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యునితో కలిసి పనిచేస్తూ, ఆ "సర్దుకోవడం" అంటే ఏమిటో దగ్గరగా గమనించాడు. బిడ్డ మొదట ఏడ్చి గొడవ చేస్తుంది. తరువాత దిగులుగా మూలన కూర్చుంటుంది. ఆ తరువాత అందరితో నవ్వుతుంది, పెట్టింది తింటుంది, కాని అమ్మ వచ్చినా పట్టించుకోదు. నర్సులు "మంచి పిల్ల" అని మెచ్చుకున్నది ఈ మూడవ దశనే! బిడ్డ కుదుటపడలేదు, ఆశ వదులుకుంది. 1952లో ఆయన ఆసుపత్రిలో ఉన్న ఒక రెండేళ్ల పాప మీద చిత్రం తీసి వైద్యులకు చూపించినప్పుడు చాలామంది కోపగించుకున్నారు. అయినా 1959లో బ్రిటిష్ ప్రభుత్వానికి అందిన ప్లాట్ నివేదిక, పిల్లల్ని చూడడానికి తల్లిదండ్రులకు ఆంక్షలు ఉండకూడదని సిఫారసు చేసింది.

దాదాపు అదే కాలంలో అమెరికాలో మరొక అడుగు పడింది. పోలియో వైరస్‌పై పరిశోధనకు 1954లో నోబెల్ బహుమతి పంచుకున్న డాక్టర్ ఫ్రెడరిక్ రాబిన్స్, క్లీవ్‌లండ్ సిటీ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి అధిపతి. శరీరానికి వైద్యం జరుగుతున్నంత కాలం బిడ్డ ఎదుగుదల ఆగిపోకూడదని ఆయన తలచాడు. 1955లో ఎమ్మా ప్లాంక్ అనే ఉపాధ్యాయినిని పిలిపించాడు. ఆమె వియన్నాలో పుట్టి, మాంటిస్సోరి పద్ధతిలో శిక్షణ పొంది, 1938లో అమెరికా చేరిన స్త్రీ. ఆసుపత్రిలో ఆట, చదువు, మాట, ధైర్యం కలిసిన కార్యక్రమాన్ని ఆమె నిర్మించింది. 1962లో దానిపై పుస్తకం వ్రాసింది. "చైల్డ్ లైఫ్" అన్న పేరు అక్కడ నుండే వ్యాపించింది.

ప్రేమ ఉంటే చాలదా?

"పిల్లలంటే ఇష్టం ఉంటే సరిపోదా? దీనికి ఎం.ఎస్. చదవాలా?" అని ఎవరైనా అడగవచ్చు. పై తండ్రికి ప్రేమ తక్కువై అబద్ధమాడలేదు గదా! ఏమి చెప్పాలో తెలియక ఆడాడు. ఆ తెలియనితనాన్ని పోగొట్టడానికే ఈ చదువు.

ఈ వృత్తిలో గుర్తింపు పొందడానికి కనీసం బి.ఎ. లేదా బి.ఎస్. స్థాయి డిగ్రీ, నిర్ణయించిన కొన్ని పాఠ్యాంశాలు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కనీసం 600 గంటల ఆసుపత్రి శిక్షణ ఉండాలి. తరువాత పరీక్ష వ్రాయాలి. ఎం.ఎస్. తప్పనిసరి కాదు, కాని అనేకులు చదువుతారు. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాల, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వంటివి ఈ పై చదువు నేర్పిన సంస్థలు.

పిల్లల ఎదుగుదల, కుటుంబ సంబంధాలు, ఆట, మరణం, దుఃఖం, వృత్తి నీతి, పరిశోధన - ఇవి ముఖ్యమైన పాఠాలు. వైద్య పదాలు కూడా నేర్వాలి, ఎందుకంటే డాక్టరు చెప్పిన దాన్ని నాలుగేళ్ల బిడ్డకు అర్థమయ్యే మాటల్లోకి మార్చవలసింది వారే. అన్నిటికంటే ముందు నేర్పేది గమనించడం. "పాప మొండిగా ఉంది" అని వ్రాస్తే అది తీర్పు. "పాప తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చేతిని దుప్పటి కింద దాచింది" అని వ్రాస్తే అది గమనింపు. మొదటి వాక్యం బిడ్డను తప్పుపడుతుంది, రెండవది ఏమి చేయాలో దారి చూపుతుంది.

తన హద్దును తెలుసుకోవడం కూడా శిక్షణలో భాగమే. చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు సూది వేయరు, మందు ఇవ్వరు. పిల్లల ఆటగదిలోకి సూదులు రాకూడదన్నది అనేక ఆసుపత్రులలో నియమం. ఆసుపత్రి మొత్తంలో ఒక్క గదిలోనైనా, ఒక్క మనిషి దగ్గరైనా బిడ్డ భయం లేకుండా ఉండాలి గదా!

మన మాటలు వారికెలా వినిపిస్తాయి?

ఈ చదువులో గుండెకాయ వంటి పాఠం ఇది: ఒకే మాట ఒక్కో వయసులో ఒక్కో విధంగా వినిపిస్తుంది.

రెండేళ్లలోపు బిడ్డకు అన్నిటికంటే పెద్ద భయం అమ్మ కనిపించకపోవడం. మూడు నుండి ఆరేళ్ల పిల్లలు జరిగిన ప్రతిదానికీ తామే కారణమనుకుంటారు. "అమ్మ మాట వినలేదు, అందుకే జబ్బు చేసింది" అని లోలోపల కుమిలిపోతారు. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని ఇంట్లో మనం బెదిరించే మాట ఆ నమ్మకాన్ని గట్టిపరుస్తుంది. "దేవుడు శిక్షించాడు" అని చూడవచ్చిన పెద్దలు అనాలోచితంగా అనే మాట మరీ గాయపరుస్తుంది. ఈ వయసు పిల్లలకు చిన్న గీతకు కూడా కట్టు కావాలి, ఎందుకంటే ఆ రంధ్రంలోంచి లోపలున్నదంతా కారిపోతుందని వారి భయం. ఏడెనిమిదేళ్లు దాటినవారికి "ఆపరేషన్ మధ్యలో మెలకువ వస్తే?" అన్నది భయం. పదిహేనేళ్ల వారికి జుట్టు రాలిపోవడం, స్నేహితులకు దూరం కావడం జబ్బు కంటే పెద్ద దెబ్బగా తోచవచ్చు.

మన తెలుగు మాటలనే తీసుకొని చూడండి. "రక్తం తీస్తారు" అంటే అంతా తీసేస్తారా? "నీకు షుగర్ వచ్చింది" అంటే దొంగతనంగా తిన్న పంచదార వల్లనా? "కడుపు కోస్తారు" అంటే అమ్మ వంకాయ కోసినట్లా? సంఘంలో ఎవరైనా మరణిస్తే మనం "ప్రభువునందు నిద్రించారు" అంటాం. ఆ మాట విని, మరలా లేవని తాతయ్యను చూసి వచ్చిన బిడ్డతో "నిన్ను నిద్రపుచ్చి ఆపరేషన్ చేస్తారు" అంటే ఏమనుకుంటుంది? "ఇది రాత్రి పడుకునే నిద్ర కాదు. ఒక మందు ఇస్తారు. అది పనిచేసినంతసేపు నీకు నొప్పి తెలియదు. పని అయ్యాక మందు ఆపేస్తారు, నీకు మెలకువ వస్తుంది" అని చెప్పడం శిక్షణ పొందినవారి పద్ధతి.

ఆటే వారి భాష

పెద్దలు భయాన్ని మాటల్లో చెప్పుకుంటారు. పిల్లలు ఆటలో చెప్పుకుంటారు. అందుకని చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు ఒక గుడ్డ బొమ్మను, సూది లేని సిరంజిని, కట్టుగుడ్డను బిడ్డ చేతికిస్తారు. బిడ్డ బొమ్మకు పదే పదే ఇంజెక్షన్ చేస్తుంది. "కదలకు! ఏడవకు!" అని బొమ్మను గద్దిస్తుంది. ఎవరో తనతో ఎలా మాట్లాడారో ఆ గద్దింపులో తెలిసిపోతుంది.

సూది వేసే సమయానికి కూడా పద్ధతి ఉంది. బిడ్డను బల్ల మీద వెల్లకిల పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టడానికి బదులు, వీలున్నప్పుడు అమ్మ ఒళ్లో, ఎదను హత్తుకొని కూర్చోబెడతారు. చేయి కదలదు, కాని బిడ్డకు అది బంధనంగా కాక కౌగిలిగా ఉంటుంది. సబ్బు బుడగలు ఊదమంటారు, ఊదాలంటే ఊపిరి నిదానంగా వదలాలి. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడక ఒక్కరే మాట్లాడతారు. ఎంపిక ఇస్తారు, కాని నిజమైన ఎంపికే ఇస్తారు. "సూది వేయించుకుంటావా?" అని అడగరు, ఎందుకంటే "వద్దు" అంటే ఆపలేరు గదా! "కుడి చేయా, ఎడమ చేయా? చూస్తావా, తల తిప్పుకుంటావా?" అని అడుగుతారు.

ఇలా సిద్ధపరచడం వలన పిల్లల ఆందోళన తగ్గుతుందని, కొన్నిసార్లు మత్తుమందు అవసరం కూడా తగ్గవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం గుర్తించింది. ఈ సేవ పిల్లల వైద్యంలో అదనపు అలంకారం కాదని, ముఖ్యమైన భాగమని ఆ సంఘం అభిప్రాయం.

ఇంట్లో మిగిలిన బిడ్డ

ఒక బిడ్డ మంచాన పడితే ఇంట్లో మరొక బిడ్డ మరుగున పడుతుంది. అమ్మ ఆసుపత్రిలో, నాన్న డబ్బు కోసం తిరుగుతూ, అన్నయ్యేమో పక్కింట్లో! "నేను తమ్ముణ్ణి కొట్టాను, అందుకే వాడికి ఇలా అయింది" అని ఆ పిల్లవాడు అనుకుంటున్నాడేమో ఎవరూ అడగరు. అటువంటి తోబుట్టువులతో కూర్చొని మాట్లాడడం ఈ వృత్తిలో భాగం.

బిడ్డ బ్రదకదని తెలిసినప్పుడు కూడా వారు వెళ్లిపోరు. చిన్న చేతి ముద్రను రంగుతో కాగితం మీద తీసి తల్లికిస్తారు. అన్నకు, అక్కకు "చనిపోయాడు" అన్న మాటనే వాడి, దాని అర్థమేమిటో మెల్లగా చెప్పడానికి తల్లిదండ్రులకు తోడుంటారు.

మనం ఏమి చేయగలం?

మన దేశంలో ఈ పేరుతో పనిచేసేవారు చాలా అరుదు. కాని పాశ్చాత్యులు పోరాడి సంపాదించుకున్న ఒక మేలు మన ఆసుపత్రుల్లో చాలా చోట్ల మొదటి నుండి ఉంది: మంచం పక్కన చాప వేసుకొని పడుకునే అమ్మ, క్యారియరు పట్టుకొని వచ్చే అమ్మమ్మ. దగ్గర ఉండడం మనకు తెలుసు. దగ్గర ఉండి నిజం చెప్పడం నేర్చుకోవాలి.

1. "నొప్పి ఉండదు" అనవద్దు. "కొంచెం నొప్పి ఉంటుంది, కాసేపే. నేను నీ పక్కనే ఉంటాను" అనండి.

2. ముందుగా చెప్పండి. రెండు మూడేళ్ల బిడ్డకు ముందురోజు చాలు. బడి వయసు పిల్లలకు కొన్ని రోజుల ముందు చెప్పి, ప్రశ్నలు అడగనివ్వండి.

3. సూదిని, డాక్టరును బెదిరింపుగా వాడకండి.

4. "జబ్బు నీ తప్పు వలన రాలేదు" అని నోరు తెరిచి చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

5. ఏడవనివ్వండి. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అనకండి. ఏడుస్తూనే చేయి చాపిన బిడ్డ ధైర్యవంతుడే.

6. చెప్పకుండా జారుకోకండి. వెళ్లవలసి వస్తే చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకు రండి.

విదేశాలలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. అక్కడి పిల్లల ఆసుపత్రిలో చేరితే "చైల్డ్ లైఫ్ వారు ఉన్నారా?" అని అడగండి. సాధారణంగా ఈ సేవకు విడిగా రుసుము వేయరు. బొమ్మలు పట్టుకొని వచ్చిన ఆ అమ్మాయిని ఆయా అనుకొని పంపివేయకండి.

మరలా ఆ రక్తపరీక్ష గది బయటికి వద్దాం. ఈసారి తండ్రి అంటున్నాడు: "అమ్మా, లోపల చేతికి సూది వేసి కొంచెం రక్తం తీస్తారు. కొంచెమే, మిగిలినదంతా నీ దగ్గరే ఉంటుంది. నొప్పి పుడుతుంది. నువ్వు నా ఒళ్లో కూర్చో, ఇద్దరం పది లెక్కపెడదాం." పాప ఏడుస్తుంది. లోపల కూడా ఏడుస్తుంది. కాని అయిపోయాక ఆ పాప తల దాచుకునేది నాన్న భుజం మీదనే.