మొక్క నాటాం సరే, బతికిందా? కోరింగ తీరంలో పర్యావరణ పాఠాల హిసాబ్

జూన్ 5 వస్తుంది. బళ్లో పిల్లలకి ఆకుపచ్చ టోపీలు పెడతారు, ఫ్లెక్సీ కడతారు, ముఖ్య అతిథి వచ్చేదాకా ఎండలో నిలబెడతారు. ఆయన వచ్చి ఒక మొక్క నాటుతారు. చప్పట్లు, ఫొటో, తలా ఒక సమోసా, ఇంటికి. మరుసటి ఏడాది అదే గుంటలో ఇంకో మొక్క. రాజమండ్రిలో నేను బీకాం చదివే రోజుల్లో మా వీధి దగ్గరి బళ్లో వరసగా మూడేళ్లు ఇదే తంతు చూశాను. మూడో ఏడాదికి గుంట తవ్వే పని కూడా తప్పింది, పాతది అలాగే ఉంది మరి.

ఆ టీచరమ్మను తప్పుపట్టాలని ఇది చెప్పడం లేదు. ఆమెకి లెక్కలు ఎలా చెప్పాలో, సైన్స్ ఎలా చెప్పాలో బీఎడ్‌లో నేర్పారు. ఒక పర్యావరణ కార్యక్రమాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని ఉద్దేశించి చేయాలి, అది పనిచేసిందో లేదో చివర్లో ఎలా తేల్చుకోవాలి అన్నది మాత్రం ఎవరూ నేర్పలేదు. అదొక విడి విద్య. పర్యావరణం గురించి బోధించేవాళ్లకి ఆ విద్యలో తాలీమ్ ఇవ్వాలన్న ఆలోచన ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా అయితే విద్యా ప్రాజెక్టుల రూపకల్పన, మూల్యాంకనం మీద తన వాళ్ల కోసం ఒక చేతిపుస్తకమే వేసింది. మన గోదావరి తీరానికి ఆ విద్య ఎందుకు కావాలో, అందులో ఏముంటుందో చూద్దాం.

సముద్రం లేని తూర్పుగోదావరి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఒక వింత జరిగింది. కోరింగ మడ అడవులు కాకినాడ జిల్లాలోకి, అమలాపురం వైపు తీరం కోనసీమ జిల్లాలోకి వెళ్లాయి. రాజమండ్రి కేంద్రంగా మిగిలిన తూర్పుగోదావరి జిల్లాకి సముద్రమే లేదు. పశ్చిమగోదావరికి నరసాపురం దగ్గర కొంచెం తీరం ఉంది.

మరి మనకెందుకు ఈ గొడవ అంటారా? పులసనే అడగండి. వరదనీరు రాగానే సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దాని దారి ఆగిపోతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలనే ఊళ్లో ఉంటూ సముద్రంతో మనకేం పని అనలేం. ఇటునుంచి అటు వెళ్లేవీ ఉన్నాయి. గోదావరి గట్టున మనం పారేసిన కవరు యానాం దాటి మడచెట్ల వేళ్లకు చుట్టుకుంటుంది. పైనుంచి మంచినీరు ఎంత వదిలారన్న దాన్నిబట్టి కింద మడ అడవిలో ఉప్పు పెరగడం, తగ్గడం ఉంటుంది.

కోరింగ వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న లాంటి చెట్లు, నీటికుక్కలు, బావురుపిల్లులు, బయట సముద్రానికి అడ్డంగా పొడుగ్గా హోప్ ఐలాండ్. ఆ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1996 నవంబర్ 6 తుఫాను ఈ తీరాన్నే కొట్టింది, వెయ్యిమందికి పైగా చనిపోయారు. మన పెద్దవాళ్లలో ఆ రాత్రి గుర్తులేనివాళ్లు తక్కువ. మడ అడవి అలల జోరునీ గాలి జోరునీ కొంత మింగేస్తుందన్న మాట ఇక్కడివాళ్లకి పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సింది కాదు.

ఇక్కడో చిన్న మాట. కోరింగ దేశంలోనే రెండో పెద్ద మడ అడవి అని ప్రతి వ్యాసంలోనూ రాస్తుంటారు. 2021 అటవీ నివేదిక తీసి చూస్తే దేశం మొత్తం మడ అడవి 4,992 చదరపు కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్ తర్వాత స్థానం గుజరాత్‌ది, 1,175. మన రాష్ట్రం మొత్తం కలిపినా 405. దీంతో కోరింగ విలువేమీ తగ్గదు. కానీ పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు విన్న మాటని సరిచూసుకునే అలవాటుతో మొదలుపెట్టాలి.

ముందు ప్రశ్న: ఎవరు, ఏం మార్చుకోవాలి?

1977లో సోవియట్ జార్జియాలోని టిబిలిసిలో యునెస్కో ఒక సదస్సు పెట్టింది. పర్యావరణ విద్య ఐదు పనులు చేయాలని అక్కడ తేల్చారు: ఎరుక కలిగించడం, జ్ఞానం ఇవ్వడం, వైఖరి మార్చడం, నైపుణ్యం నేర్పడం, జనాన్ని పాల్గొనేలా చేయడం. మన దగ్గర సాధారణంగా మొదటి దాని దగ్గరే బండి ఆగిపోతుంది. ‘అవగాహన కల్పించాం’ అని రిపోర్టు రాసేస్తే పని అయిపోయినట్టే.

తాబేళ్ల సంగతి తీసుకోండి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మన తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తుంటాయి. వెంటనే ఎవరో ఒకరు స్కూల్లో తాబేలు బొమ్మల పోటీ పెడతారు. మంచిదే. కానీ తాబేలు ఎందుకు చస్తోంది? అది ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. వలలో కడ్డీల చట్రం ఒకటి బిగించి, తాబేలు బయటపడే దారి పెడితే బతుకుతుంది. టెడ్ అంటారు దాన్ని. బిగించాల్సింది బోటు యజమాని. ఆ దారిలోంచి చేపలు, రొయ్యలు కూడా జారిపోతాయని ఆయన భయం. అంటే ఇక్కడ మనసు మారాల్సింది ఆరో తరగతి పిల్లవాడిది కాదు, బోటు యజమానిది. ఆయనతో మాట్లాడాల్సింది తాబేలు అందం గురించి కాదు, రూపాయల గురించి. తాబేళ్ల రక్షణ చాలదన్న కారణంతో సముద్రంలో పట్టిన మన రొయ్యల దిగుమతిని అమెరికా 2019లో ఆపేసింది. చెరువు రొయ్యలకి ఇది వర్తించదు. బోటు యజమానితో సంభాషణ మొదలుపెట్టడానికి బొమ్మల పోటీ కంటే ఈ వార్త ఎక్కువ పనికొస్తుంది.

తాలీమ్‌లో మొదట నేర్పేది సరిగ్గా ఇదే. సమస్య ఏంటి, దానికి కారణమైన పని ఏది, ఆ పని చేసేది ఎవరు, వాళ్లెందుకు చేస్తున్నారు. నాలుగింటికీ జవాబు దొరికేదాకా ఫ్లెక్సీ ఆర్డర్ ఇవ్వకూడదు. జవాబులు ఆఫీసులో కూర్చుంటే రావు. రేవుకి వెళ్లాలి, పీతలు పట్టే ఆడవాళ్లతో, వంటచెరకు తెచ్చుకునే ఇళ్లతో మాట్లాడాలి. వాళ్లు చెప్పేది వినడం నేర్చుకోవడమే ఆ శిక్షణలో పెద్ద భాగమని నాకనిపిస్తుంది.

కారణం తెలియకుండా మొక్క నాటితే

మడ అడవిలో కొన్నిచోట్ల చెట్లు పోయి మళ్లీ మొలవని బంజర్లు ఉంటాయి. జనం నరికేస్తున్నారు కాబట్టే ఇలా అయిందని చాలాకాలం అనుకున్నారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు తమిళనాడులోని పిచ్చావరంలో పరిశీలిస్తే అసలు సంగతి వేరుగా కనపడింది. పాత రోజుల్లో అడవిని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిని మొత్తానికి నరికించేవారు. నీడ పోయి నేల ఎండి కుంగి, మధ్యలో పళ్లెంలా గుంట పడింది. పోటుకి వచ్చిన నీళ్లు పాటుకి వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరయ్యాయి, ఉప్పు పేరుకుంది. అలాంటి నేలలో లక్ష మొక్కలు నాటినా లక్షా చస్తాయి.

అందుకని ముందు కాలువలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరుపక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా. పోటూ పాటూ మళ్లీ ఆడి ఉప్పు కడుక్కుపోయాక మొక్క నాటారు. గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ అటవీశాఖతో, ఊరివాళ్లతో కలిసి ఇదే పద్ధతి వాడారు. కాలువలో బురద పూడుకుపోతే తీయాల్సింది ఊరివాళ్లే కాబట్టి వాళ్లకి ఇది ఎందుకో అర్థం కావాలి. చదువు చెప్పేవాళ్లకి అక్కడ పని పడుతుంది. ‘చెట్లు నరకొద్దు’ అని వాళ్లకి వందసార్లు చెప్పినా నీరు కదలదు.

ఓపెనింగ్ స్టాక్ లేకుండా లాభం ఎలా తేలుస్తారు?

ఇప్పుడు నాకు తెలిసిన శాస్త్రంలోకి వస్తాను. కొట్లో ఏడాది మొదట్లో సరుకెంత ఉందో రాసుకోకుండా, చివర్లో గల్లాపెట్టె చూసి లాభమొచ్చిందనే షావుకారిని మీరు నమ్ముతారా? ప్రాజెక్టుల్లో ఓపెనింగ్ స్టాక్‌ని బేస్‌లైన్ అంటారు. పని మొదలుపెట్టకముందు పరిస్థితి ఎలా ఉందో కొలిచి రాసిపెట్టుకోవడం. కోరింగలో కెమెరాలు కట్టి బావురుపిల్లుల్ని లెక్కపెట్టారు. 2018లో ఆ లెక్క 115 అని బయటికొచ్చింది. ఇకమీద ఎవరు ఎప్పుడు లెక్కపెట్టినా పోల్చుకోవడానికి ఒక అంకె ఉంది.

రెండోది, కొన్నదాన్ని లాభం కింద రాసుకోవడం. నలభై సభలు పెట్టాం, రెండువేల కరపత్రాలు పంచాం, పదివేల మొక్కలు నాటాం అంటారు. ఇవన్నీ ఖర్చు పద్దులు. సభకి వచ్చినవాళ్లు ఆ తర్వాత ఏం చేశారు, మొక్కల్లో మూడో ఏడాదికి ఎన్ని బతికున్నాయి, ఇవీ జమ పద్దులు. ఖర్చు చూపించి జమ అనడం కొట్లో చేస్తే ఆడిటర్ ఊరుకోడు.

మూడోది, జమ వచ్చినా అది ఎవరి ఖాతాలోదో తేల్చడం. చాలా కష్టమైన ముక్క ఇదే. ఒక ఊళ్లో మడ కట్టెలు కొట్టడం తగ్గిందనుకోండి. మా క్లాసుల వల్లే అని సంస్థ రాసుకుంటుంది. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1999 నుంచి దీపం పథకం కింద ఆడవాళ్ల సంఘాలకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. కట్టెలు తగ్గింది మీ పాఠం వల్లా, గ్యాస్ బండ వల్లా? తేల్చాలంటే మీరు పనిచేయని, అలాంటిదే ఇంకో ఊరు చూడాలి. అక్కడా అంతే తగ్గితే గొప్ప మీది కాదు. అది ఒప్పుకునే ధైర్యం కూడా నేర్పాల్సిన విషయమే, ఎందుకంటే వచ్చే ఏడాది డబ్బు ఇచ్చేవాడు ఆ రిపోర్టు చదువుతాడు.

పెద్ద ప్రాజెక్టులకి ఈ లెక్క తప్పదు. 2011లో కేంద్ర ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి కలిసి గోదావరి ముఖద్వారంలో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఎగ్రీ ఫౌండేషన్ అన్న పేరు అందులోంచి వచ్చిందే. ఆ నిధి డబ్బుతో నడిచే అంతంత పెద్ద ప్రాజెక్టులకి మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి బయటి నిపుణులతో మూల్యాంకనం చేయించడం నియమం. బడి దాకా వచ్చేసరికి అలాంటిదేమీ కనపడదు. 2001-02లో మొదలైన జాతీయ హరిత దళం కింద ఎకో క్లబ్బు పెట్టుకున్న బడికి ఏడాదికి 2,500 రూపాయలు ఇచ్చేవారు, తర్వాత 5,000 చేశారు. ఆ డబ్బుతో మూల్యాంకనం ఎక్కడ చేస్తాం అంటారు టీచర్లు. నిజమే. అయితే చాలా వాటికి డబ్బు కాదు, ఒక నోటుబుక్కు చాలు.

నోటుబుక్కులో ఏం రాయాలి

కోరింగ చూడ్డానికి యాభైమంది పిల్లల్ని తీసుకెళ్తున్నారనుకోండి. వెళ్లేముందు మూడు ప్రశ్నలు: మడచెట్టు వేళ్లు గాల్లోకి ఎందుకు లేస్తాయి, ఈ అడవి పోతే ముందు నష్టపోయేది ఎవరు, మీ ఇంటి చెత్త ఎక్కడికి పోతుంది. చెక్కబాట మీద నడిచొచ్చాక అవే ప్రశ్నలు. సాయంత్రం అందరూ బాగానే రాస్తారు, ఎందుకంటే అప్పుడే విన్నారు. అసలు పరీక్ష రెండు నెలల తర్వాత, చెప్పకుండా పెట్టేది. ‘ట్రిప్ నచ్చిందా’ అని మాత్రం అడగకండి. బస్సెక్కి బయటికెళ్తే ఏ పిల్లవాడికి నచ్చదు?

మార్కులతో పాటు కంటితో చూసింది కూడా రాయాలి. పర్యటన తర్వాత బడి వెనక కాలువలో పడే కవర్లు వారానికి ఎన్ని, ముందు ఎన్ని. లెక్కపెట్టేది పిల్లలే. అంకె తగ్గకపోతే తగ్గలేదనే రాయాలి, ఎందుకు తగ్గలేదో వాళ్లనే అడగాలి. బహుశా ఆ వీధికి చెత్తబండి రావడం లేదేమో. అప్పుడు మీ ప్రాజెక్టు పాఠం చెప్పడం కాదు, మున్సిపాలిటీకి అర్జీ పెట్టడం. మధ్యలో దారి మార్చుకోవడం తప్పు కాదు, ప్రాజెక్టు నడుస్తుండగా లెక్క చూసేదే అందుకోసం.

భాష సంగతి ఒకటి ఉంది. ఉర్దూ మీడియంలో చదివే మన పిల్లలకి మడ అడవి అంటే తెలియకపోవచ్చు, అలాగని మాంగ్రోవ్ అంటే అంతకన్నా తెలియదు. రేవు దగ్గర జాలరి పెద్దమ్మ మాట్లాడే తెలుగు రాజమండ్రి టీచర్‌కే సగం అర్థం కాదు. ప్రశ్న అర్థం కాక తప్పు రాసిన పిల్లవాడిని పాఠం అర్థం కానివాడి కింద లెక్కేస్తే మూల్యాంకనం మొత్తం చెడిపోతుంది. ప్రశ్నలు ముందు నలుగురు పిల్లల మీద ప్రయత్నించి చూడమనేది అందుకే. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన యువకులు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ పనికి మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో మొక్క పట్టుకుని ఫొటో దిగి వస్తే, పోయినేడాది మొక్క ఎలా ఉందో చూసి రమ్మని పంపండి. ఉంటే ఎత్తు కొలవమనండి. లేకపోతే గుంట దగ్గర మట్టి ఎండిందా, మేక తిందా, నీళ్లు నిలిచాయా, చూసి తేదీ వేసి రాసుకురమ్మనండి.