పాలు మానిపిస్తే మాటలొస్తాయా?

ఆటిజం ఉన్న మా నాలుగేళ్ల బాబు పాలు, పెరుగన్నం తప్ప పెద్దగా ఏమీ ముట్టడు. పాలు మానిపిస్తే మాటలొస్తాయని అందరూ అంటున్నారు. మానిపించమంటారా?
– ఓ తల్లి, అశోక్‌నగర్

ఆటిజం ఉందన్న ఒక్క కారణంతో మానిపించకండమ్మా. పాలు బాబు కడుపుకి పడటం లేదన్న అనుమానం ఉంటే మాత్రం తేల్చుకోవాల్సిందే.

ఈ నమ్మకం ఎందుకొచ్చింది?

పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసిన్. అది అరిగేటప్పుడు నల్లమందు గుణం కాస్త ఉన్న కాసోమార్ఫిన్లు ఏర్పడతాయి. ఇవి రక్తంలో కలిసి మెదడును చేరుతున్నాయేమోనని నార్వేకు చెందిన కార్ల్ రైకెల్ట్ వంటివారు ఊహించారు. 2008లో లండన్ పరిశోధకులు ఆటిజం ఉన్న అబ్బాయిల మూత్రంలో వెతికితే అలాంటివి దొరకలేదు. ఆటిజం లక్షణాల కోసం పాలు, గోధుమలు మాన్పించవద్దని 2013లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి.

మరి కొందరు పిల్లలు ఎందుకు కుదుటపడతారు?

ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం, విరేచనాలు, కడుపునొప్పి ఎక్కువ. నొప్పని చెప్పలేని బిడ్డ తల బాదుకుంటాడు, రాత్రిళ్లు లేచి ఏడుస్తాడు, పొట్టను బల్లకేసి ఒత్తుకుంటాడు. పాల ప్రోటీన్ పడని బిడ్డకు పాలు ఆపితే ఆ బాధ తగ్గుతుంది. హాయిగా నిద్రపోయిన పిల్లాడు మర్నాడు థెరపీలో బాగా కూర్చుంటాడు. ఆటిజం మాత్రం అలాగే ఉంటుంది.

ఎలా తేల్చుకోవాలి?

లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. అది పడకపోవడం వేరు, పాల ప్రోటీన్ పడకపోవడం వేరు. లాక్టోజ్ తీసేసిన పాలల్లోనూ కేసిన్ ఉంటుంది. ఏ2, గేదె, మేక పాలల్లోనూ ఉంటుంది. పిల్లల డాక్టరు సరేనంటే రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, పనీర్ పూర్తిగా ఆపండి. నారాయణగూడ బేకరీలో కొనే ఉస్మానియా బిస్కెట్లలోనూ సాధారణంగా పాలుంటాయి. నిద్ర, విరేచనం, దద్దుర్లు రోజూ రాసుకోండి. తర్వాత మళ్లీ పాలిచ్చి చూస్తేనే సంగతి తేలుతుంది. పాలు తాగగానే ఎప్పుడైనా ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆ పరీక్ష ఇంట్లో చేయకండి, ఆసుపత్రిలోనే చేయించాలి.

ఆపితే ఎముకల సంగతేంటి?

ఆటిజం ఉన్న అబ్బాయిల ఎముకలు పలచగా ఉన్నాయనీ, కేసిన్ మానినవారివి మరింత పలచగా ఉన్నాయనీ 2008లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన 4–6 ఏళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసుడు పాలల్లో సుమారు 240 ఉంటుంది. 30 గ్రాముల రాగిపిండితో కాచిన జావలో వంద దాకా ఉంటుంది. అంటే జావ ఒక్కటే చాలదు. కాల్షియం కలిపిన సోయా పాలు, నువ్వులు, చిక్కడపల్లి మార్కెట్లో దొరికే మునగాకు, తోటకూర కూడా తోడవ్వాలి. మీ బాబు తినేవే రెండు మూడు. కాబట్టి ముందు కొత్తవి ఒక్కొక్కటిగా అలవాటు చేయండి, ఆ తర్వాతే పాత వాటిని తీయండి.

మాటల కోసం స్పీచ్ థెరపీ ఒక్కరోజు కూడా ఆపకండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో సంప్రదించవచ్చు.