మాట పోయిన మతి పోవునా?



ముప్పది యేండ్లకు మించి పిల్లలకు తెలుఁగు చెప్పి విశ్రాంతి గైకొన్న నేను నేఁడు మెదడును గుఱించి మాటలాడ సాహసించుచున్నాను. వ్యాకరణము చెప్పుకొనువానికి ఈ శాస్త్ర మేల యని మీ రడుగవచ్చును. దానికి కారణము నా మిత్రుఁ డొకఁడు.

ఆతఁడును నావలె భాషాపండితుఁడే. ఒకనాఁటి యుదయమున కాఫీ త్రాగుచుండఁగా గ్లాసు కుడిచేతినుండి జాఱిపడినది. మూతి యొకప్రక్కకు వంకరపోయినది. ఏమో చెప్పఁబోయి చెప్పలేకపోయెను. కబురు విని వెళ్లిన నేను, "రాత్రి నిద్ర చాలలేదు కాఁబోలు, కొంతసేపు పండుకొననిండు" అంటిని. ఆ మాట నన్ను నేఁటికిని బాధించుచున్నది. ఎందులకో చెప్పెదను.

పెద్దవారి మెదడు సుమారు 1,400 గ్రాములు తూఁగును. అది దేహపు బరువులో నూటికి రెండుపాళ్లు మాత్రమే. కాని శరీరము వినియోగించుకొను ప్రాణవాయువులో ఇంచుమించు అయిదవవంతు దానికే కావలయును. అందు దాదాపు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ముడుతలుపడి, కుడియెడమలుగా రెండు భాగములై పైనున్నది పెద్దమెదడు. ఆలోచన, జ్ఞాపకము, మాట, మన యిచ్ఛచే జరుగు కదలిక దాని పనులు. దాని క్రింద వెనుకప్రక్క నున్నది చిన్నమెదడు. నడకలో తూలకుండ, వ్రాఁతలో చేయి తడఁబడకుండ అది కదలికలను సరిదిద్దును. వీనిని వెన్నుపాముతో కలుపు మెదడుకాండమునందు ఊపిరిని, గుండె వేగమును కనిపెట్టియుండు స్థానములు కలవు. మనము నిద్రించినను అవి నిద్రింపవు.

వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవుగలది. మెదడునుండి 12 జతలు, వెన్నుపామునుండి 31 జతలు నాడులు వెలువడును. వైద్యుఁడు మణికట్టు పట్టి చూచు నాడి వేఱు. అది రక్తనాళపు కొట్టుకొనుట. నేను చెప్పు నాడులు వార్తలను మోయు తీఁగలవంటివి. కొన్ని వార్తలను లోనికి కొనిపోవును. కొన్ని యాజ్ఞలను కండరములకు చేర్చును. వేఁడిగిన్నె తాఁకఁగనే చేయి వెనుకకు వచ్చుట యెల్లర యనుభవమే. ఆ యాజ్ఞ యిచ్చునది వెన్నుపామే. మంట పుట్టినదని మెదడు గ్రహించుట తరువాతి మాట.

ఇఁక నొక విచిత్రము వినుఁడు. మెదడునుండి కండరములకు దిగు నాడీతంతువులలో చాలభాగము మెదడుకాండపు దిగువను ఎదుటి ప్రక్కకు దాఁటును. కావున కుడిచేతిని నడపునది ఎడమమెదడు. మాటకు నెలవును మనలో అత్యధికులకు ఆ యెడమప్రక్కనే యున్నది. 1861లో ప్యారిస్ నగరమున బ్రోకా యను వైద్యుఁడు, "టాన్" అను నొక్క శబ్దము తప్ప పలుకలేని రోగి మరణించిన పిమ్మట ఆతని మెదడును పరీక్షించి, ఎడమ ముందుభాగము చెడియుండుటను కనుగొనెను. కుడిచేయి, మాట యొక్కసారి పోవుట కిదియే కారణము. రెండింటి నెలవులు ఎడమమెదడున నున్నవి. వానికి రక్తము తెచ్చు నాళము మూసికొనిపోయినను, చిట్లినను రెండును చెడును.

నా మిత్రునకు జరిగినది నాళము మూసికొనిపోవుటయే. సాయంకాలమునకుగాని ఆతనిని ఆసుపత్రికి చేర్పలేదు. ప్రాణము దక్కినది, మాట దక్కలేదు. "పంతులుగారికి మతి పోయినది" అని చూడవచ్చినవారు ఆతని యెదుటనే యనిరి. నేనును అట్లే తలఁచితిని. ఒకనాఁడు ఆతని ప్రక్క కూర్చుండి యొక పద్యము చదువుచు పొరపాటున గణము తప్పితిని. వెంటనే ఆతఁడు బొమముడిచి, ఎడమచేతితో మంచముమీఁద తట్టి, నన్ను ఆపెను. మరల చదివితిని. మరల తప్పితిని. మరల తట్టెను. నాకు కన్నులు చెమర్చినవి. పోయినది పలుకు మాత్రమే; పండితుఁడు లోపలనే యున్నాఁడు!

కావున శ్రోతలారా, ఇట్టి రోగియెదుట ఆతఁడు విననట్లు మాటలాడకుఁడు. కొందఱికి గ్రహణశక్తియు దెబ్బతినవచ్చును; ఐనను పరీక్షింపక మతి పోయినదని తీర్మానింపరాదు. మెల్లగా, చిన్నమాటలతో పలుకరింపుఁడు; బదులిచ్చుటకు వ్యవధి యిండు. ఓర్పుతో చేయు అభ్యాసమువలన కొంత మాట తిరిగివచ్చుటయు కలదు.

మూతి వంకరపోయినను, ఒకచేయి వాలిపోయినను, మాట తడఁబడినను ఒక్క నిమిషము జాగు సేయక 108కి ఫోను చేయుఁడు. మ్రింగుట కష్టముగా నుండవచ్చును గనుక నోట నీరైనను పోయకుఁడు. లక్షణములు ఎన్నిగంటలకు మొదలయ్యెనో గుర్తుంచుకొనుఁడు. నాళము మూసికొన్నదో చిట్లినదో వైద్యులు స్కానుతీసి తెలిసికొందురు. మూసికొన్నచో, తగిన రోగులకు గడ్డను కరిఁగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలయును. ఎంత ముందైన నంత మేలు. "కొంతసేపు పండుకొననిండు" అని మాత్రము అనకుఁడు. ఆ మాట యన్నవాఁడనే మీకు చెప్పుచున్నాను.